గోల్ఫ్‌లో డ్రైవర్ తర్వాత కొనొచ్చు, ముందు మంచి క్యాడీని అడగండి

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు. ఆ నాలుగూ క్యాడీలవే, తగ్గిన ఒకటి కౌంటర్ ఖాతాలో వేశాను. బెంగళూరు శివార్లలో డబ్బు కట్టి ఎవరైనా ఆడుకోగలిగే ఒక 18 హోల్స్ గోల్ఫ్ కోర్సు ఉంది, అక్కడి క్యాడీ (ఆటగాడి బ్యాగు మోస్తూ, బంతి ఎటు పడిందో చూసి, సలహా చెప్పే మనిషి) సర్వీసు గురించే ఈ రివ్యూ. కింద ఒక ఫిర్యాదు ఉంది కాబట్టి కోర్సు పేరు రాయడం లేదు, రాసినదాంట్లో చాలావరకు ఈ ఊళ్లో ఏ కోర్సుకి వెళ్లినా పనికొస్తుంది.

మనవాళ్లు వైట్‌ఫీల్డ్‌లోనో సర్జాపూర్ రోడ్డులోనో ఫ్లాట్ కొనుక్కుని గోల్ఫ్ మొదలుపెట్టారంటే వరస ఒకటే. కొన్నాళ్లు డ్రైవింగ్ రేంజ్ (బంతులు కొట్టే ప్రాక్టీసు మైదానం), రాత్రిళ్లు యూట్యూబ్, ఆ తర్వాత 50 వేలు పోసి పెద్ద బ్రాండు డ్రైవర్, అంటే బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు. తీరా కోర్సులోకి దిగాక "క్యాడీ ఎందుకులే, ట్రాలీ మనమే లాక్కుందాం" అని అక్కడ పొదుపు! డ్రైవర్ రౌండు మొత్తంలో మహా అయితే 14 సార్లు బ్యాగులోంచి బయటికొస్తుంది, క్యాడీ నాలుగు గంటలూ పక్కనే ఉంటాడు, లెక్క మీరే వేసుకోండి.

మాకు క్యాడీగా తరచూ వచ్చే పెద్దాయనది చింతామణి దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే. కోలారు, చిక్కబళ్లాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు చాలామందికి తెలుగు వస్తుంది, భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. బంతి ఎటు పోయిందా అని కొట్టీ కొట్టకముందే తల ఎత్తేసే మా బావగారికి ఆయన ఇచ్చే క్లాసు ఒక్క ముక్కే: "తల ఎత్తొద్దు సార్, బంతిని నేను చూస్తాండా కదా, మీరు చూస్తే అది ఇంకా దూరం పోతుందా?" ఈ మాటకి ఏ కోచ్ దగ్గరైనా గంటకింతని వసూలు చేస్తారు.

బావగారి బంతి ఎప్పుడూ కుడివైపు నీలగిరి చెట్లలోకే పోతుంది. అది పడ్డచోట ఏదో ఒక చెట్టుని గుర్తు పెట్టుకుని పెద్దాయన సూటిగా నడిచిపోతాడు, మేం చేరేసరికి బంతి పక్కన నిలబడి ఉంటాడు. వెతకడానికి ఇంతకుముందు 5 నిమిషాలు ఉండేది, 2019లో రూల్స్ మారాక 3 నిమిషాలే, అది దాటితే బంతి పోయినట్టే లెక్క. క్యాడీ లేని గుంపులు ఇక్కడే పావుగంట తినేసి వెనకవాళ్ల తిట్లు తింటాయి. నలుగురికి నలుగురు క్యాడీలు బరువు అనుకుంటే అందరికీ కలిపి ఒక ఫోర్‌క్యాడీని తీసుకోండి, బ్యాగులు మోయడు, ముందుకెళ్లి బంతులు ఎక్కడ పడుతున్నాయో చూస్తాడు. "ఫోర్!" అని (బంతి మీదకొస్తోంది జాగ్రత్త అని) అరిచే బాధ్యత మాత్రం కొట్టినవాడిదే, దాన్ని క్యాడీ మీదకి నెట్టి నోరు మూసుకుని నిలబడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు ఈ సర్వీసులో నాకు నచ్చింది మర్యాద నేర్పే తీరు. పెద్దాయన ఎవరికీ ఉపన్యాసం ఇవ్వడు. ఎవరైనా పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే చిన్న దెబ్బ) కొట్టబోతుంటే మన నీడ హోల్ మీద పడకుండా మెల్లగా భుజం పట్టి పక్కకి జరుపుతాడు, ఇంకొకరి బంతికీ హోల్‌కీ మధ్య గీతని తొక్కబోతే చెయ్యి అడ్డం పెడతాడు. మాలో ఒకాయన టీ (హోల్ మొదట బంతి కొట్టే చోటు) మీద ఆఫీస్ కాల్ ఎత్తితే, పెద్దాయన ఆయన బ్యాగు తీసుకుని యాభై అడుగుల అవతలికి నడిచాడు, పాపం ఆయనా మాట్లాడుకుంటూ బ్యాగు వెనకే వెళ్లాడు, మిగతా ముగ్గురం హాయిగా కొట్టుకున్నాం. బంకర్ అనే ఇసుక గుంటలోంచి బయటికొచ్చాక, దాన్ని చదును చేసే రేక్ తీసి మన చేతికే ఇస్తాడు. క్యాడీ ఉన్నాడుగా అని ఇసుకలో అడుగులు వదిలేసి వచ్చేవాళ్లకి ఇది కొంచెం గుచ్చుకుంటుంది, గుచ్చుకోనివ్వండి.

గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతి పడి చేసిన గుంతని సరిచేయడం కూడా ఆయన దగ్గరే సరిగ్గా చూశాను. చాలామంది ఫోర్క్‌ని కింద దూర్చి మట్టిని పైకి లేపుతారు, దాంతో వేర్లు తెగి గడ్డి ఎండి ఆ చోటు బోడి అవుతుంది. చుట్టూ అంచుల్లో గుచ్చి గడ్డిని మధ్యలోకి నెట్టాలి, తర్వాత పట్ కొట్టే క్లబ్బు, అదే పటర్‌తో మెల్లగా అదమాలి. పది సెకన్ల పని. మనది అయిపోతే పక్కన కనిపించిన ఇంకోటి కూడా చేసెయ్యడం పద్ధతి.

స్నేహితుల మధ్య ఆటకి స్కోరు ఎలా అంటే, మేం స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్లు ఆడతాం, మీరూ అదే ఆడండి. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి ఇచ్చే అదనపు దెబ్బలు) కలుపుకుని పార్‌కి, అంటే ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బలకి 2, ఒకటి ఎక్కువైతే 1, రెండెక్కువైతే సున్నా, ఇక బంతి తీసి జేబులో వేసుకుని నడవడమే. ఒక్క హోల్‌లో పదకొండు కొట్టి ఉదయమంతా మొహం మాడ్చుకునే బాధ ఉండదు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో 54 దాకా ఇస్తారు కాబట్టి బావగారి లాంటివాళ్లు కూడా 12 హ్యాండిక్యాప్ మనిషిని ఓడించగలరు. ఓడించారు కూడా, ఆ రోజు ఓడినాయన హాఫ్‌వేలో (సగం హోల్స్ అయ్యాక ఆగే చోటు) అందరికీ మసాలా దోసె, కాఫీ పెట్టించాడు, బావగారు ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో ఆ స్కోర్‌కార్డు ఫొటో పెడుతూనే ఉంటారు. మాకిదే గోల్ఫ్. అడుగు దూరం పట్‌లకి "తీసెయ్ బాబాయ్" అని గిమ్మీ (కొట్టకుండానే వేసినట్టు లెక్క) ఇచ్చేసుకుంటాం, మొదటి టీ మీద ఒక ముల్లిగన్ (చెడిన దెబ్బని మళ్లీ కొట్టడం) కూడా. దెబ్బలు లెక్కపెట్టే టోర్నమెంట్‌లో ఈ గిమ్మీ, ముల్లిగన్ చెల్లవు.

ఇక తగ్గించిన స్టార్. శని, ఆదివారాల్లో కౌంటర్‌లో ఒక్కో క్యాడీకి రెండేసి బ్యాగులు అంటగడుతున్నారు, అడిగితే ఈ రోజు మనుషులు లేరంటారు, బయట చూస్తే వేపచెట్టు కింద కుర్రాళ్లు ఖాళీగానే కూర్చుని ఉంటారు. మనం కట్టే క్యాడీ ఫీజులో వాళ్లకి ఎంత చేరుతుందో బోర్డు మీద లేదు. అన్నిటికన్నా చిరాకు, హాఫ్‌వే దగ్గర వాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ కూడా లేకపోవడం. ఇదే ఊళ్లో క్యాడీగా మొదలైన సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోక్‌తో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆమె బ్యాగు మోసింది వాళ్లమ్మ. ఇన్ని తెలిసిన ఊళ్లో ఒక బెంచీ వేయించలేరా?

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. మొదటి టీ దగ్గరే మీ 7 ఐరన్‌తో (మధ్యస్థ దూరానికి వాడే క్లబ్బు) బంతి నిజంగా ఎంత దూరం పోతుందో క్యాడీకి చెప్పండి, దాన్ని బట్టే ఆయన క్లబ్బు ఇస్తాడు, గొప్పకి పోయి ఎక్కువ చెప్తే ప్రతి బంతీ గ్రీన్ ముందున్న నీళ్లలోకే. రూల్ ప్రకారం 14 క్లబ్బులు ఉండొచ్చు గానీ కొత్తవాళ్లకి ఏడెనిమిది చాలు, మోసేవాడి భుజం గురించి కూడా ఆలోచించండి. టిప్పు క్యాడీ చేతికే ఇవ్వండి, నీళ్ల సీసా ఒకటి ఎక్కువ తెచ్చుకోండి. చలికాలం వీకెండ్లలో పొద్దున్నే టీ టైమ్ (ఆట మొదలుపెట్టే స్లాట్) దొరకదు, వారం మధ్యలో సెలవు పెట్టగలిగితే మేలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బుకింగ్ వద్దు, మెరుపులు మొదలైతే సైరన్ మోగిస్తారు, ఎక్కడివాళ్లు అక్కడ ఆట ఆపి వచ్చేయాలి. అప్పుడు డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజు ఆడనిస్తారా అన్నది బుక్ చేసేటప్పుడే అడిగి మెసేజ్‌లో పెట్టించుకోండి.