ప్రభుత్వ సీటా, బీ కేటగిరీనా, విదేశమా: ఎంబీబీఎస్‌కు ఎక్కడ డబ్బు పెట్టడం మేలు?

తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఫీజు ఏడాదికి రూ.10 వేలు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా, అంటే ‘ఏ’ కేటగిరీ సీటుకు రూ.60 వేలు. అదే కాలేజీలో, అదే బెంచీ మీద బీ కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో కూర్చుంటే పదకొండు, పన్నెండు లక్షల పైమాటే. సీ కేటగిరీ అనే ఎన్నారై కోటాకైతే దానికి రెట్టింపు దాకా పోతుంది. చివరికి అందరికీ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పట్టానే వస్తుంది. నెల జీతం ఇచ్చే ఆస్పత్రి ఏదీ నువ్వు ఏ కోటాలో చదివావని అడగదు.

అందుకే ఈ లెక్కను చదివేటప్పుడు కాదు, చదువు అయ్యాక ఏం మిగులుతుందన్న వైపు నుంచి చూడాలంటాను. బీ కేటగిరీలో నాలుగున్నరేళ్లకు ఫీజే 50 లక్షలు దాటుతుంది. హాస్టల్, మెస్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు కలిపితే 60 లక్షలు అనుకుందాం. పట్టా చేతికొచ్చాక పీజీ సీటు రాని డాక్టరుకు దొరికే ఉద్యోగాలు ఎలాంటివి? పల్లె దవాఖానాల్లో ఎంబీబీఎస్ డాక్టర్లకు ప్రభుత్వం నెలకు రూ.40 వేలు ప్రకటించింది. సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా రెగ్యులర్ పోస్టు కొడితే 2022 నోటిఫికేషన్ ప్రకారం మూలవేతనం రూ.58,850 నుంచి మొదలవుతుంది. మంచి ఉద్యోగమే, కానీ పోటీ గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు ఆ 60 లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేశామనుకోండి. నెలకు రూ.35 వేలు వడ్డీ వస్తుంది. అంటే ఐదారేళ్లు నిద్ర మానుకుని చదివిన బిడ్డ సంపాదన ఒక పక్క, ఏమీ చేయకుండా వచ్చే వడ్డీ ఇంకో పక్క దాదాపు సమానం. అప్పు తెస్తే ఇంకా ఘోరం. 11 శాతానికి పదేళ్ల బ్యాంకు అప్పయితే ఈఎంఐ రూ.82 వేలు దాటుతుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల చొప్పున తెస్తే వడ్డీయే నెలకు లక్షా ఇరవై వేలు! సొంత నర్సింగ్ హోమ్ ఉన్న డాక్టరు కుటుంబానికి ఈ లెక్క వేరు. వాళ్లకు ఆ సీటు నడుస్తున్న ఆస్పత్రికి వారసుణ్ని ఇస్తుంది. రెండెకరాలు అమ్మి కట్టే ఇంటికి మాత్రం నేను బీ కేటగిరీ వద్దనే చెబుతాను.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ ప్రభుత్వ కాలేజీ అన్నంత మాత్రాన తక్కువ ఫీజు కాదు. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ఐదు కొత్త ప్రభుత్వ కాలేజీలు మొదలుపెట్టినప్పుడు సగం సీట్లే జనరల్‌గా ఉంచారు. 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్ కింద ఏడాదికి రూ.12 లక్షలు, 15 శాతం ఎన్నారై కింద రూ.20 లక్షలు అని జీవో ఇచ్చారు. ‘గవర్నమెంట్ కాలేజీలో సీటొచ్చింది’ అన్న మాట విని స్వీట్లు పంచేముందు అలాట్‌మెంట్ ఆర్డర్‌లో కోటా చూసుకోవాలి. పేద పిల్లల కోసం కట్టాల్సిన కాలేజీలో సగం సీట్లకు ప్రైవేటు రేటు పెట్టడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

అసలు తల పట్టుకునే చోటు ఇది కాదు, ప్రభుత్వ సీటుకూ ప్రైవేటు ‘ఏ’ కేటగిరీకీ మధ్య. తెలంగాణలో ఈ రెంటి ఫీజు తేడా కోర్సు మొత్తానికి రెండు లక్షల పైచిలుకు. మరీ చేతకానంత కాదు. అయినా నా ఓటు పాత ప్రభుత్వ కాలేజీకే. ఉస్మానియా, గాంధీ, వరంగల్ కాకతీయ, విశాఖ కేజీహెచ్, గుంటూరు, కాకినాడ రంగరాయ లాంటి చోట పేషెంట్లకు కొదవ ఉండదు. మూడో ఏడాది పిల్లవాడు కూడా ఒక్క పూటలో పాముకాటు, పచ్చకామెర్లు, కాన్పు నొప్పులు చూసేస్తాడు. చదువు చివర చేసే ఏడాది ఇంటర్న్‌షిప్, అంటే హౌస్ సర్జన్సీలో తెలంగాణ ప్రభుత్వం 2025 పెంపు తర్వాత నెలకు దాదాపు రూ.30 వేల స్టైపెండ్ ఇస్తోంది. ఆ ఏడాది డబ్బుతోనే మొత్తం కోర్సు ఫీజు ఏడెనిమిది సార్లు తీరిపోతుంది.

కొత్తగా తెరిచిన జిల్లా ప్రభుత్వ కాలేజీ, పేరున్న పాత ప్రైవేటు కాలేజీలో ‘ఏ’ కేటగిరీ సీటు మధ్య ఎంచుకోవాల్సి వస్తే మాత్రం నేను గుడ్డిగా ప్రభుత్వం అనను. కొన్ని జిల్లా కాలేజీల్లో ప్రొఫెసర్ల కొరత ఉంది. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో తనిఖీ రోజు తప్ప మంచాలు నిండవు. ఆప్షన్లు పెట్టేముందు రెండు చోట్లకూ మామూలు పనిరోజున పొద్దున పదింటికి వెళ్లండి. ఓపీ చీటీల క్యూ ఎంతుందో చూడండి. లేబర్ రూమ్ బయట అటెండర్లు, బంధువులు కిటకిటలాడుతున్నారా, లేక కుర్చీలు ఖాళీగా ఉన్నాయా? హౌస్ సర్జన్‌ను పక్కకు పిలిచి స్టైపెండ్ చేతికి వస్తోందా అని అడగండి. కాలేజీ బ్రోచర్ ఇవేవీ చెప్పదు.

సీటు అంచులో పోయిందా? అయితే ఒక ఏడాది లాంగ్ టర్మ్, అంటే నీట్ మళ్లీ రాయడానికి కోచింగ్. కోచింగూ హాస్టలూ కలిపి లక్షన్నర నుంచి రెండు లక్షలు అవుతుంది. బీ కేటగిరీ ఫీజులో రెండు నెలల ఖర్చన్నమాట. తన కేటగిరీ కటాఫ్‌కు ఇరవై, ముప్పై మార్కుల దూరంలో ఆగిన పిల్లలకు ఇంతకంటే లాభమైన పెట్టుబడి లేదు. వంద మార్కుల దూరంలో ఉండి, రెండోసారీ రాసేసి, అద్దంలో మొహం చూసుకోవడానికే టెన్షన్ పడుతున్న పిల్లను మాత్రం మూడోసారి తోయకండి. బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ (బీపీటీ), వెటర్నరీ కూడా చదువులే.

విదేశం గురించి తక్కువే చెప్తాను. కిర్గిజ్‌స్తాన్, జార్జియా, రష్యా ఏదైనా 25, 35 లక్షల్లో అయిపోతుందని ఏజెంటు చెప్తాడు, బీ కేటగిరీలో సగమే కదా అనిపిస్తుంది. కానీ తిరిగొచ్చాక ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్ఎంజీఈ అనే పరీక్ష పాసవ్వాలి. 300 ప్రశ్నలకు 150 రావాలి. 2023 డిసెంబరు పరీక్షలో ఐదుగురిలో ఒక్కరే గట్టెక్కారు. 2021 నిబంధనల ప్రకారం అక్కడ 54 నెలల కోర్సు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి, ఇక్కడ మళ్లీ ఇంకో ఏడాది చేయాలి. ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఒక ఏడాది జీతం పోయినట్టే, దాన్ని ఏ ప్యాకేజీలోనూ రాయరు.

పీజీ సంగతి కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి. ఈ రోజుల్లో ఉత్త ఎంబీబీఎస్‌తో ప్రాక్టీసు నిలబెట్టడం కష్టం. ప్రభుత్వ పీజీ సీటొస్తే చదువుతూనే నెలకు 50 వేలకు పైగా స్టైపెండ్ వస్తుంది. ప్రైవేటు బీ కేటగిరీలో క్లినికల్ బ్రాంచికి ఏడాదికి 20 లక్షలు దాటుతుంది. ఎంబీబీఎస్‌కే పొలం అమ్మేసిన ఇంట్లో అప్పటికి అమ్మడానికి ఏముంటుంది?

ఇంకా ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులకే. తెలంగాణ 2024లో తెచ్చిన జీవో 33 ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. ఖమ్మం, సూర్యాపేట వాళ్లు విజయవాడలో మంచి కాలేజీ ఉందని ఇంటర్‌కు పంపే ముందు ఈ ఒక్క నిబంధన చదవండి. ఏడాదికి పదివేల సీటు చేజారేది అక్కడే.