పది ప్రశ్నల కాగితం: ఏడాది వాడాక నా మాట

మా పాప 29 వారాలకే పుట్టి 47 రోజులు ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉంది. రెండో వారంలో ఒక నర్సు నా చేతిలో కాగితం పెట్టి, "తీరిక దొరికినప్పుడు నింపండమ్మా" అని వెళ్లిపోయింది. అదే ఎడిన్‌బరో స్కేల్, కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో పసిగట్టడానికి ఇచ్చేది, 1987 నుంచి ఉన్నదట. గడిచిన ఏడు రోజుల గురించి పది ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు, ఎంత ఎక్కువ వస్తే మనసు అంత బాగోలేనట్టు.

మొదటిసారి అబద్ధాలే రాశాను. బాగోలేదంటే పాప దగ్గరికి రానివ్వరేమోనని భయం. 6 వచ్చింది, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నాలుగో వారంలో అదే నర్సు పక్కనే కూర్చుని, "మిమ్మల్ని బయటికి పంపడానికి కాదు ఇది" అంది. అప్పుడు నిజం రాస్తే 17. 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండొచ్చని, అయినా ఈ కాగితమే జబ్బు తేల్చదని చెప్పి కౌన్సెలర్ దగ్గరికి పంపారు. కాగితం అదే, ఇచ్చిన మనిషీ ఆవిడే, పక్కన కూర్చోవడం ఒక్కటే తేడా.

పదో ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తనకు తాను హాని చేసుకునే ఆలోచన వచ్చిందా అని అడుగుతుంది, వచ్చిందంటే మొత్తం మార్కులు ఎన్నయినా సరే, ఆ రోజే ఎవరికైనా చెప్పాలి.

లోటు ఎక్కడంటే, ఎన్ఐసీయూలో మోగే మానిటర్ అలారం గురించి ఇందులో ఒక్క ముక్క లేదు. ఇంటికొచ్చిన మూడు నెలల తర్వాత కూడా వాషింగ్ మెషిన్ బీప్‌మంటే చాలు, పాప రక్తంలో ఆక్సిజన్ (శాచురేషన్) పడిపోయిందనుకుని ఉయ్యాల దగ్గరికి పరిగెత్తి పాప ఊపిరి లెక్కపెట్టేదాన్ని. అది ట్రామా వల్ల, అంటే మనసుకు తగిలిన దెబ్బ వల్ల, దానికి వేరే ప్రశ్నలుంటాయి అంది కౌన్సెలర్. ఆ సంగతి డిశ్చార్జ్ రోజే ఎవరైనా చెప్పి ఉంటే!

ఇంకో పెద్ద లోటు కాగితానిది కాదు, ఇచ్చేవాళ్లది. మా ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆఫీసు, వార్డు, పాల సీసాలు అంటూ తిరిగే మనిషిని ఆపి అందరూ "తల్లీబిడ్డా ఎలా ఉన్నారు" అనేవాళ్లు, అంతే. పాపకు ఐదో నెలలో నేనే సరదాకి ఇచ్చాను, నవ్వగలుగుతున్నారా అనే మొదటి ప్రశ్న దగ్గరే చాలాసేపు ఆగిపోయారు. 14 వచ్చింది. తండ్రుల విషయంలో ఇంకా తక్కువ మార్కులకే జాగ్రత్తపడాలట.

ఇప్పుడు నెలకోసారి ఇద్దరం నింపుతున్నాం. పోయిన నెల నాకు 5, ఈసారి నిజంగానే. ఆయనకి 9, ఇంకా కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నారు.