ఎదుగుదల లెక్క: జాతీయ సర్వేనా, పోషణ్ ట్రాకరా?

వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలెందరో తేల్చడానికి రెండు దారులు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు ఎంపిక చేసిన ఇళ్లకే వెళ్తారు. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, పెద్ద పిల్లల్ని నిలబెట్టి కొలుస్తారు. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ మోకాళ్లు చాపించి, పాదాలు కొలిచే పలకకు ఆనించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పుట్టిన తేదీ తప్పుగా రాసుకుంటే ఆ కష్టమంతా వృథా. 2019-21లో దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం గిడసబారినవాళ్లే. తెలంగాణలో అంతకుముందు సర్వేలో 28 శాతం దగ్గరున్నది 33.1కి ఎక్కింది. అయితే ఈ అంకెలు ఏళ్లకోసారే వస్తాయి.

రెండో దారి, 2021లో మొదలైన పోషణ్ ట్రాకర్ అనే అంగన్‌వాడీల మొబైల్ యాప్. అందులో ఎదుగుదల నెలనెలా, పిల్లవాడి పేరుతో సహా కనబడుతుంది. కానీ అంగన్‌వాడీలో నమోదైనవాళ్లే అందులో ఉంటారు. పైగా కొలిచేదీ, బరువు తగ్గితే పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిందీ ఆ టీచరే! ఫలానా బాబుకి అదనపు పోషకాహారం అందాలంటే ట్రాకర్ చాలు. రాష్ట్రాలను పోల్చాలంటే మాత్రం నా ఓటు సర్వేకే.