క్యారవాన్‌లో గండికోట: లోయ చూపించారు, నీళ్లు చూపించలేదు

అనంతపురం నుంచి బెలుం, గండికోట చూసి రావడానికి ఈసారి హోటలు గదులు వద్దనుకుని, బెంగళూరు సంస్థ ఒకదాని దగ్గర క్యారవాన్ అద్దెకు తీసుకున్నాం. రోజుకు 9,500 రూపాయలు, డీజిలు ఖర్చు మనదే, డిపాజిట్ 20,000. పడకలు, గ్యాసు పొయ్యి, స్నానాల గది, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో ప్రయాణాలే మానేసిన మా అత్తయ్యగారు, మరుగుదొడ్డి వెంటే ఉంటుందన్న ఒక్క మాట మీద బయలుదేరారు.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం చూసుకుని బెలుం చేరాం. గుహల పొడవు 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు వరకే. అది చాలు. లోపల అంత ఉక్క. పాతాళగంగ దాకా వెళ్లి పైకి వచ్చేసరికి ఒంటి మీద బట్టలు పిండుకోవచ్చు. అందరి ధ్యాసా స్నానం మీదే.

చీకటి పడ్డాక గండికోటలో బండి ఆపాం. మా ఆయన తలకు షాంపూ పెట్టుకున్నారో లేదో, కుళాయి రెండుసార్లు బుస్సుమని ఆగిపోయింది. సీటు కింద మోటారు మాత్రం ఆగకుండా తిరుగుతోంది. మీటరు చూస్తే ట్యాంకు సగానికి పైగా నిండుగా ఉంది.

ఈ బండ్లలో నీళ్ల మోటారు బ్యాటరీ మీద, 12 వోల్టులతో నడుస్తుంది. కుళాయి తిప్పితే గొట్టంలో ఒత్తిడి తగ్గి దానంతట అదే మొదలవుతుంది, కట్టేస్తే ఒత్తిడి పెరిగి ఆగుతుంది. మాది అన్ని కుళాయిలూ కట్టేసినా ఆగలేదు. సంస్థకు ఫోను చేస్తే మొదట ఫ్యూజు మార్చమన్నారు. తర్వాత బ్యాటరీ తగ్గిపోయి ఉంటుంది, గంటసేపు ఇంజిను నడపమన్నారు. మోటారు గిర్రున తిరుగుతుంటే ఫ్యూజు ఎలా పోతుందండీ అని అడిగాను. "టెక్నీషియన్ రేపు మాట్లాడతారు మేడం" అని పెట్టేశారు. ఆ టెక్నీషియన్ ఇప్పటికీ మాట్లాడలేదు.

పక్కన గుడారాలు అద్దెకిచ్చే కుర్రవాడు రెండు బకెట్ల నీళ్లకు వంద రూపాయలు తీసుకున్నాడు. అందులో తప్పేమీ లేదు, మోసుకొచ్చాడు కదా. అత్తయ్యగారు ఒక్క మాటా అనలేదు. రాత్రి మంచినీళ్లు కూడా తాగకుండా పడుకున్నారు. ఆవిడ తిట్టినా బాగుండేది.

పొద్దున పెన్నా లోయ, మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ బాగున్నాయి. వాటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు.

తిరుగు దారిలో తాడిపత్రిలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ప్లేటు 40 రూపాయలు, అత్తయ్యగారు మొదటిసారి నవ్వారు. ఆ హోటలాయనే లారీలకు వైరింగు చేసే ఒక ఎలక్ట్రీషియన్ కొట్టు చూపించాడు. నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు తప్ప క్యారవాన్ అతను ఎన్నడూ చూసి ఉండడు. అయినా తొణకలేదు. టెస్టు లైటు పెట్టి చూసి, "కరెంటు బాగానే ఉందమ్మా" అన్నాడు. మోటారుకు నీళ్లు తెచ్చే గొట్టం ఊడదీసి, దాని స్థానంలో ఒక పొట్టి గొట్టం తగిలించి, రెండో కొసను బకెట్టులో ముంచి స్విచ్చు వేశాడు. వంటగది కుళాయిలో నీళ్లు ధారగా వచ్చాయి. "మోటారుకు ఏ రోగమూ లేదు. ట్యాంకుకూ దీనికీ మధ్యనే ఎక్కడో గాలి తాగుతోంది."

ఆ మధ్యలో ఉన్నది అరచేతిలో పట్టేంత ఫిల్టరు. పారదర్శకమైన గిన్నె, లోపల సన్నని జాలీ. గిన్నె విప్పితే జాలీ నిండా కొబ్బరి కోరులా తెల్లటి ప్లాస్టిక్ పొట్టు! బండి తయారుచేసినప్పుడు ట్యాంకుకు రంధ్రాలు పెట్టి, ఆ పొట్టును లోపలే వదిలేశారన్నమాట. దానికి తోడు గిన్నె అంచున ఉండే రబ్బరు వాషరు ఒకచోట చిట్లిపోయింది. అటు జాలీ నీళ్లను అడ్డుకుంటే, ఇటు వాషరు గాలిని లోపలికి పిలిచింది. ఎదురుగా డ్రిప్పు సామాన్ల కొట్టులో 20 రూపాయలకు సరిపోయే వాషరు దొరికింది. చీనీ (బత్తాయి) తోటల ప్రాంతంలో గొట్టాల సామానుకు కొరత ఏముంటుంది! జాలీ కడిగి, వాషరు వేసి బిగించాక కుళాయి కట్టిన రెండు మూడు క్షణాల్లో మోటారు ఆగింది. కూలి 300. ఇంకో వంద ఇవ్వబోతే తీసుకోలేదు.

క్యారవాన్ తీసుకునేవారు పడకల ఫొటోలు తర్వాత తీసుకోండి. ముందు కుళాయిలన్నీ కట్టేసి మోటారు స్విచ్చు వేయించండి. కాసేపటికి ఆగాలి, ఆగి నిశ్శబ్దంగా ఉండాలి. ఎవరూ నీళ్లు వాడకుండానే మధ్యమధ్య తిరుగుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆగకుండా తిరిగితే గాలి పట్టిందా, ట్యాంకు ఖాళీయా చూడాలి. అసలు తిరగకపోతేనే ఫ్యూజు, బ్యాటరీ మాట. ఫిల్టరు మీ కళ్లముందే విప్పించి కడిగించండి, ఒక వాషరు అదనంగా అడగండి. రాత్రి పడుకునేటప్పుడు మోటారు స్విచ్చు ఆపేయండి.

బండి అప్పగించిన వారానికి డిపాజిట్‌లో 16,200 తిరిగి వచ్చాయి. "నీళ్లు లేకుండా నడిపి పంపు పాడుచేసినందుకు" 3,800 కోత. బాగుచేసింది మేము, పనిచేస్తున్న మోటారుతో బండి అప్పగించిందీ మేమే. పొట్టు నిండిన ఫిల్టరు ఫొటో, బకెట్టు పరీక్ష వీడియో పంపితే జవాబు లేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.