మెట్లు ఒకరివి, మాటలు ఒకరివి: అక్కతో హైదరాబాదులో అయిదు రోజులు

మా అక్కకు పుట్టుకతోనే చెవులు వినపడవు. రెండేళ్లుగా మోకాళ్లు కూడా మొరాయిస్తున్నాయి. ఒంగోలులో ఇద్దరు డాక్టర్లు చూసి, ఎక్స్‌రేలు చేతికిచ్చి, హైదరాబాదు వెళ్లమన్నారు. ఎలాగూ వెళుతున్నాం కాబట్టి చార్మినార్ చూపించమని అక్క అడిగింది. నాలుగు వేళ్లు నిలబెట్టి, వెంటనే ముంజేతికి గాజులు తొడుక్కున్నట్టు చూపించింది. చార్మినార్ వంక మాత్రమే, ధ్యాసంతా లాడ్ బజార్ మీద.

రైలు సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. మాట, వినికిడి రెండూ లేనివారికి స్లీపర్‌లో సగం ఛార్జీ, తోడు వెళ్లేవారికీ అంతే. సికింద్రాబాదులో దిగగానే ఎర్రచొక్కా కూలీ ఒకాయన చక్రాల కుర్చీ తెచ్చాడు. ‘ఎటు?’ అని నన్ను కాకుండా అక్కను చేత్తో అడిగాడు. అయిదు రోజులలో ఎవరూ నేర్పకుండానే ఆ పని చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో మొదటివాడు ఆయనే.

బస దగ్గర తల బొప్పి కట్టింది. స్టేషనుకు దగ్గరలో ఒక లాడ్జీకి ముందే ఫోను చేసి, ర్యాంపు ఉందా అని అడిగాను. ‘ఉందండీ, లిఫ్టు కూడా ఉంది’ అన్నారు. అబద్ధం చెప్పలేదు. ర్యాంపు ఉంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల వాలు ఉండాలని ప్రభుత్వ ప్రమాణాలు చెబుతాయి. ఇక్కడ మూడు అడుగులలోనే పని కానిచ్చేశారు, పిల్లల పార్కులో జారుడుబల్ల లాగా. దాని మీదుగా పైకి చేరితే లిఫ్టుకు ముందు మళ్లీ రెండు మెట్లు. అది సూట్‌కేసుల కోసం కట్టిన ర్యాంపు అని అప్పుడు తెలిసింది.

గదిలోకి చేరాక రెండో కథ. ఏది కావాలన్నా ఇంటర్‌కామ్‌లో తొమ్మిది నొక్కాలట. నేను మందులకు బయటికి వెళితే అక్క ఎవరికి నొక్కుతుంది, నొక్కి ఏం వింటుంది? వాట్సాప్‌లో రాస్తుంది, నంబరు ఇవ్వమన్నాను. ఇచ్చారు. అక్క ‘మంచినీళ్లు కావాలి’ అని తెలుగులో రాసింది. కౌంటర్‌లో ఉన్న కుర్రవాడిది జార్ఖండ్. హిందీ తప్ప మరొకటి రాదు. అక్కకు తెలుగు తప్ప మరొకటి చదవడం రాదు. ఆ కుర్రవాడు పాపం మంచివాడే, నీళ్లకు బదులు రెండు తువ్వాళ్లు పట్టుకొచ్చాడు. లోపల గడియ వేసి ఉంది. ఎంత కొట్టినా అక్కకు వినపడదు కదా, నేను తిరిగి వచ్చేసరికి అతను తువ్వాళ్లు భుజాన వేసుకుని గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు.

నాకు అప్పటి నుంచి ఒక లెక్క కనిపించసాగింది. చక్రాల కుర్చీ అడిగితే చెవుల సంగతి మరచిపోతారు. చెవుల సంగతి చెబితే మెట్లు మరచిపోతారు. ఈ రెండూ దాటి వస్తే, మనిషిది తెలుగు అన్న సంగతి మరచిపోతారు. మెట్లు చూసేవాడు ఒకడు, మాటలు చూసేవాడు మరొకడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

మర్నాడు, బుధవారం, మకాం వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక పాత ఇంటికి మార్చాం. డెబ్బై దాటిన మామ్మగారు కింది భాగంలో రెండు గదులు అద్దెకిస్తారు. రోజుకు 1,600, పొద్దున ఇడ్లీతో కలిపి. ర్యాంపు లేదు, గుమ్మం దగ్గర ఒక్క మెట్టు, దానికి ఆవిడే ఒక చెక్క పలక వేయించారు. కానీ ఆ ఇంట్లో ఒక మహత్తు ఉంది. పాతకాలపు కట్టడం కాబట్టి గదిలో దీపానికి స్విచ్చి తలుపు బయట ఉంది. మామ్మగారు మొదటి పూటే ఆ కిటుకు కనిపెట్టారు. కాఫీ తెచ్చినప్పుడల్లా బయట నుంచి దీపం రెండుసార్లు ఆర్పి వెలిగించేవారు, అక్క లేచి తలుపు తీసేది. బధిరుల ఇళ్లలో కాలింగ్ బెల్లుకు దీపం తగిలించుకునే ఏర్పాటు ఉంటుంది, దుకాణాలలో దొరుకుతుంది కూడా. అన్ని హంగులున్న లాడ్జీలో లేనిది, ఎవరో మేస్త్రీ ఏ కారణానో స్విచ్చి బయట పెట్టిన ఇంట్లో దొరికింది. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ మాత్రం లేదు, అది గమనించి వెళ్లండి.

ఇక ఆసుపత్రి. పేరు అనవసరం, పెద్దదే. గుమ్మంలో వాలు చక్కగా ఉంది, చక్రాల కుర్చీలు వరసగా పెట్టి ఉన్నాయి, బోర్డులు తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగింటిలో ఉన్నాయి. ఉర్దూ ఈ రాష్ట్రానికి 2017 నుంచి రెండో అధికార భాష, అందువల్ల ఆ బోర్డులు అందరికీ మేలే. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ తరువాత టోకెన్లను నోటితో పిలిచారు. అంకెలు చూపించే తెర గోడకు ఉంది, దానిలో ఏదో వార్తల ఛానల్ వస్తోంది. నేను బిల్లు కట్టే వరసలో ఉండగా అక్క పేరు మూడుసార్లు పిలిచి, లేరనుకుని తరువాతి వాళ్లను పంపించేశారు. అక్క ఆ తలుపుకు ఎదురుగానే కూర్చుని ఉంది.

సంజ్ఞా భాష తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని సహాయ కేంద్రంలో అడిగితే, అక్కడి అమ్మాయి నవ్వి, ‘మీరున్నారు కదండీ’ అంది. రాసి చూపిస్తే సరిపోతుంది కదా అని పక్కనున్నాయన సలహా. ఇది చాలామందిలో ఉన్న అపోహ. సైగల భాష తెలుగును చేతులతో పలకడం కాదు, దానికి దాని వాక్యం, దాని వ్యాకరణం ఉన్నాయి. దాని మీద పనిచేయడానికి కేంద్రం 2015లో ఢిల్లీలో ఒక సంస్థనే పెట్టింది, ఆ సంస్థ నిఘంటువులో పదివేల పదాలు చేరాయి. అక్కకు రాసిన తెలుగు రెండో భాష, బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నది. పైగా చేతిలో పెట్టిన అంగీకార పత్రంలో ఉన్నది తెలుగా? ‘రీజనల్ అనస్థీషియా’, ‘పోస్ట్ ఆపరేటివ్ కాంప్లికేషన్స్’. తెలుగు లిపిలో ఇంగ్లీషు. అక్షరాలు మనవే, అర్థం మాత్రం డాక్టరుగారిది. నాకే తెలియలేదు, అక్క దాన్ని తిరగేసి వెనక్కి ఇచ్చేసింది.

లోపల డాక్టరుగారు నాతో మాట్లాడారు. ‘ఆవిడకు నొప్పి ఎప్పటి నుంచి?’ ‘ఆవిడ రాత్రి పడుకుంటారా?’ ఆవిడ అనే మనిషి రెండడుగుల దూరంలో కూర్చుని మా ఇద్దరి పెదవుల వంక మార్చి మార్చి చూస్తోంది. ఆయన రెండు మోకాళ్లకూ ఆపరేషన్ తప్పకపోవచ్చని అన్నారు. నా చేతులు ఆగిపోయాయి. అక్కకు ఆపరేషన్ అంటే భయం. ఇంటికి వెళ్లాక నెమ్మదిగా చెబుదాంలే అనుకుని, ‘మందులు, వ్యాయామం’ అని సైగ చేశాను. అక్క నా వైపు చూడలేదు. డాక్టరుగారి వైపు చూపించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన తన మోకాలి మీద వేలితో అడ్డంగా గీత గీసి ఉన్నారు.

ఆ సాయంత్రం అక్క నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అంటే మా ఇంట్లో కళ్లు మూసుకోవడం. కళ్లు మూసుకుంటే ఇక నేను ఏం చెప్పినా అందదు.

రాత్రి నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, ఫోన్లు. ముంబయిలో అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్న వినికిడి వైకల్య జాతీయ సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్క చదివిన బడిలో ఒకప్పటి టీచరుకు అటువైపు తెలిసినవాళ్లు ఉన్నారు. ఆవిడ ద్వారా ఒక దుభాషి నంబరు దొరికింది. శనివారం వీడియో కాల్‌లో వస్తానంది ఆ అమ్మాయి. ముందు రోజు అరగంట అక్కతో మాట్లాడాలని షరతు పెట్టింది. ఊరికొక సైగ, ఇంటికొక సైగ ఉంటుందట. ఒంగోలు సైగలు పట్టుకోకుండా ఆసుపత్రికి రానంది. డబ్బు తీసుకుంటానని కూడా ముందే చెప్పింది, నాకు అది నచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కలోకి తీసుకుందనీ, సమాచార మార్పిడి అన్న మాటకు అందులో ఇచ్చిన నిర్వచనంలోనే సంజ్ఞా భాష ఉందనీ ఆ అమ్మాయే చెప్పింది. సౌకర్యాల నియమాలు ఉత్త సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరివి పెట్టండని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అన్నదట. ఆ కేసులో కోర్టు అధ్యయనం చేయించినది ఈ ఊరి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం చేతనే. ఇంత జరిగిన ఊళ్లోనే, టోకెన్ అంకె కనిపించవలసిన తెర మీద వార్తలు నడుస్తున్నాయి.

గురువారం అక్క కళ్లు తెరిచింది, గాజులు కొనాలి కాబట్టి. పరేడ్ గ్రౌండ్ దగ్గర మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాం. మెట్రోకు నా మార్కులు ఎక్కువ. లిఫ్టు ఉంది, ప్లాట్‌ఫామూ పెట్టె నేలా ఒకే ఎత్తులో ఉంటాయి, కుర్చీ సాఫీగా వెళ్లిపోతుంది. ప్రకటనలు మూడు భాషలలో వస్తాయి, స్టేషను పేరు కళ్లకూ కనిపిస్తుంది. ఎక్కడ దిగాలో అక్కే నాకు చెప్పింది. నేను ఫోను చూసుకుంటున్నాను.

సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, ఆ లెక్కన రోజులు వేసుకోండి. మేలిముసుగు రెబెకా శిల్పం ముందు అక్క పది నిమిషాలు కూర్చుంది. రాతిలో పలుచని గుడ్డను ఎలా చెక్కాడని అడిగింది. బెంజోని అనే శిల్పి 1876లో చెక్కాడని చెప్పానే తప్ప, ఎలా అన్నదానికి నా దగ్గర సైగ లేదు. తరువాత గడియారం. గంట కొట్టే వేళకు జనమంతా చేరి చెవులు రిక్కించి కూర్చుంటారు. చిన్న గడ్డం మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట మీద కొడతాడు. ఆ వేళ పదకొండు. ఎవరి పిల్లో ఏడవడంతో నేను ఏడు దగ్గర లెక్క తప్పాను. అక్క ఆ బొమ్మ చెయ్యి చూస్తూ వేళ్లు మడుస్తూ వచ్చి పదకొండు దగ్గర ఆపి, నా వైపు గర్వంగా చూసింది.

చార్మినార్ 1591 నాటిది. పైకి 149 మెట్లు, ఇరుకు. కింద నుంచే దణ్ణం పెట్టాం. లాడ్ బజార్‌లో దారి ఎగుడుదిగుడు, కుర్చీ తోయడానికి నా నడుము పట్టుకుపోయింది. అయినా మొత్తం యాత్రలో మాటల ఇబ్బంది అసలే లేని చోటు అదే. గాజుల కొట్టాయనకు ఉర్దూ, నాకు ఒంగోలు హిందీ. నేను నోరు తెరిచే లోపే అక్క, ఆయన క్యాలిక్యులేటర్ మధ్యలో పెట్టుకుని బేరం మొదలుపెట్టారు. ఆయన 900 నొక్కితే అక్క 300 నొక్కింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, అక్క కుర్చీ వెనక్కి తిప్పమంది. చివరకు 420. నేను పక్క కొట్లో మాట్లాడి కొన్న అలాంటి గాజులే 650 పడ్డాయి.

శుక్రవారం గోల్కొండ. కొండ మీదికి మూడు వందలకు పైగా మెట్లు, కుర్చీకి దారి లేదు. కింది భాగం వరకే, అదీ రాళ్ల మీద. బాలా హిసార్ వాకిలి దగ్గర గైడు చప్పట్లు కొట్టి, ఈ చప్పుడు కొండ కొసన వినిపిస్తుందని, శత్రువు వస్తే అలా కబురు చేసేవారని చెప్పాడు. నేను చేతులతో చెప్పాను. అక్క కాసేపు ఆలోచించి, రెండు చేతులూ పైకెత్తి వేళ్లాడించింది. బధిరుల చప్పట్లు అవి. ‘ఇదీ అందుతుంది, పైనున్నవాడు కిందికి చూస్తే’ అంది. గైడు నవ్వి తానూ అలాగే ఆడించాడు.

శనివారం ఆసుపత్రిలో ఫోనును మందుల డబ్బాకు ఆనించి డాక్టరుగారి భుజం పక్కన పెట్టాం. ఆయన మొదట ఫోనుతో మాట్లాడబోయారు. దుభాషి అమ్మాయి ఆపి, ‘ఆమెతో మాట్లాడండి సార్, నేను లేననుకోండి’ అంది. ఆయన కుర్చీ కాస్త తిప్పుకుని మొదటిసారి అక్క ముఖం చూశారు. అక్క కాగితం మీద పదమూడు ప్రశ్నలు రాసుకుని వచ్చింది. ఎన్ని రోజులు మంచం, ఎంత ఖర్చు, కింద కూర్చోగలనా, మత్తు ఇచ్చేటప్పుడు ఎవరైనా సైగలు తెలిసినవాళ్లను ఉండనిస్తారా. ఆఖరి దానికి ఆయన కాసేపు పెన్ను తిప్పి, అడిగి చెబుతానన్నారు.

దుభాషి చేతులు నా కంటే మూడు రెట్లు వేగం. రెండో ప్రశ్న దగ్గరే నాకు అందడం మానేసింది. నేను మూల కుర్చీలో కూర్చుని గోడ మీది ఎముకల బొమ్మ చూస్తూ ఉండిపోయాను. బయటికి వచ్చాక డాక్టరుగారు ఏమన్నారని అక్కను అడిగాను. సంక్రాంతి వెళ్లాక, ముందు ఒక కాలికే అని చెప్పింది. ఇంకా ఏమన్నారంటే, ‘మందులు, వ్యాయామం’ అని సైగ చేసి, గాజులు సర్దుకోవడంలో పడిపోయింది.