ఆరేళ్లుగా డీడీరెస్క్యూ వాడుతున్నా: నేను చెప్పేదంతా ఆ మ్యాప్ ఫైల్ గురించే

డిస్క్ పాడైనవాళ్ళకి, అందులోది కాపీ తీసే డీడీరెస్క్యూ అనే ఈ ప్రోగ్రాం పేరు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఉచితమని, లినక్స్‌లో నడుస్తుందని, నల్ల తెర మీద అక్షరాలే తప్ప నొక్కడానికి బటన్లుండవని కూడా చెప్పే ఉంటారు. వాటి జోలికి పోను. డిస్క్‌లో ఏ భాగం వచ్చిందో, ఏది రాలేదో అది పని చేస్తూ పక్కన రాసుకునే మ్యాప్ ఫైల్ మీద నాకు ఆరేళ్లయినా తగ్గని అభిమానం ఒకటుంది. దాని గురించే ఇదంతా.

నాది చిక్కడపల్లిలో డీటీపీ పని. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, అప్పుడప్పుడు కవితా సంపుటాలు. 2019 మే నెలలో, ముహూర్తాలు వరసగా ఉన్న రోజుల్లో, ఒక పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికే పావుగంట పట్టింది. డీ డ్రైవ్ తెరవబోతే పచ్చగీత సగం దాకా వచ్చి అక్కడే ఆగింది. అందులో పన్నెండేళ్ల కోరల్ డ్రా ఫైళ్ళు, అను ఫాంట్లతో చేసిన పేజ్‌మేకర్ ఫైళ్ళు ఉన్నాయి. బ్యాకప్ ఏదని మాత్రం అడక్కండి, ఇంట్లో ఆ ప్రశ్న చాలాసార్లు విన్నాను.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పట్టుకెళ్తే ఒక షాపులో కుర్రాడు, "ఏం కాదన్నా, చెక్‌డిస్క్ కొడితే సెట్ అయితది" అని మొదలుపెట్టేశాడు. అది విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే ప్రోగ్రాం. కొన ఊపిరితో ఉన్న డిస్క్ మీద దాన్ని నడపకూడదు. రిపేరు పేరుతో ఆ డిస్క్ మీదే మళ్ళీ రాస్తుంది. నాకా సంగతి అప్పటికి తెలీదు, అతనికీ తెలిసినట్టు లేదు. ముప్పావుగంట తర్వాత డీ డ్రైవ్ పేరే కనపడకుండా పోయింది. "ల్యాబ్‌కు పంపాలె అన్నా, గ్యారంటీ మాత్రం లేదు" అన్నాడు. డిస్క్‌ని సంచీలో వేసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి మేనల్లుడు ఫోన్లో, "మామయ్యా, ఇంక దాన్ని విండోస్‌కి తగిలించకు. ముందు మొత్తం డిస్క్‌ని వేరే డిస్క్ మీదకి కాపీ తీద్దాం, వెతుకులాట ఆ కాపీలో" అన్నాడు. డీడీరెస్క్యూ చేసేది ఆ కాపీయే. మామూలు కాపీ ఒక చెడ్డ సెక్టార్, అంటే డిస్క్ మీద చదవడానికి రాని చిన్న గడి, తగలగానే అక్కడే కూలబడుతుంది. ఇది దాన్ని వదిలేసి ముందుకెళ్ళి, తేలిగ్గా వచ్చేదంతా మొదట తీసుకుంటుంది. మొండికేసిన చోట్లకి చివర్లో వస్తుంది.

కొత్తగా 2 టీబీ డిస్క్ కొని, పెన్‌డ్రైవ్ మీద లైవ్ ఉబుంటు (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) వేసి, మేనల్లుడు వాట్సాప్‌లో పంపిన కమాండ్ అక్షరం అక్షరం చూసి కొట్టాను. డిస్క్‌ని బయటనుంచి తగిలించడానికి నా దగ్గరున్నది పాత యూఎస్‌బీ డాక్, సెకనుకి 30 ఎంబీ మించదు. పొద్దున పది గంటలకి మొదలైంది, సాయంత్రానికి 62 శాతం. అంకె పెరుగుతుంటే టీ కూడా తాగకుండా కూర్చుని చూశాను. అప్పుడు లేచింది ఈదురుగాలి. ఎక్కడ కొమ్మ విరిగిందో గానీ కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ నాలుగు నిమిషాలు మూలిగి ఊరుకుంది.

కరెంటు వచ్చాక మేనల్లుడికి చేస్తే, "ఏం ఫర్వాలేదు, మ్యాప్ ఫైల్ ఉంటే అక్కణ్ణుంచే మొదలవుతుంది" అన్నాడు. చూస్తే ఆ ఫైల్ లేదు! లైవ్ ఉబుంటులో హోమ్ ఫోల్డర్ అంటే ర్యామే. మ్యాప్ ఫైల్ పెట్టింది అందులో. కరెంటుతో పాటే పోయింది. తీసిన కాపీ కొత్త డిస్క్ మీద భద్రంగానే ఉంది, ఎంతవరకు తీశామన్న లెక్క మాత్రం పోయింది. సగం కాపీని చూసి ఆ లెక్కని ఉజ్జాయింపుగా మళ్ళీ తయారుచేసే జనరేట్ మోడ్ ఈ ప్రోగ్రాంలోనే ఉందని ఏడాది తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం సున్నా నుంచే మొదలుపెట్టాను.

రెండోసారికి డిస్క్ ఇంకా నీరసించింది. 20 శాతం దగ్గర వేడెక్కి మాయమయ్యేది. ఫ్రిజ్‌లో పెట్టమని ఇద్దరు సలహా ఇచ్చారు. లోపల తేమ పడితే ఉన్నది కూడా పోతుందని వినలేదు. టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి నలభై నిమిషాలు నడపడం, ఆపడం, గంట చల్లారనివ్వడం, మళ్ళీ అదే కమాండ్. ఈసారి మ్యాప్ ఫైల్ కొత్త డిస్క్ మీదే ఉంది. ప్రతిసారీ అది ఆగిన చోటునే అందుకుంది, తీసినదాన్ని మళ్ళీ ముట్టలేదు. చస్తున్న డిస్క్‌ని ఒకే చోట రెండుసార్లు చదివించకపోవడం ఎంత మేలో నాకు అప్పుడు తెలిసింది. ఇలా తొమ్మిది రోజులు. మధ్యలో నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసుకునేవాణ్ణి. మామూలు టెక్స్ట్ ఫైలే అది. వచ్చిన భాగానికి ప్లస్ గుర్తు, రానిదానికి మైనస్, ఇంకా చూడనిదానికి ప్రశ్నార్థకం. ప్రశ్నార్థకాలు ఒక్కొక్కటే తగ్గుతుంటే చీటీ డబ్బులు చేతికొస్తున్నట్టుండేది.

చివరికి మూడు ఎంబీ లోపే రాలేదు. అందరికీ 99.99 అని చెప్పుకుని తిరిగాను. ఇప్పుడైతే కొంచెం తగ్గించి చెప్తాను. ఈ ప్రోగ్రాం తెచ్చిచ్చేది డిస్క్‌ని, ఫైళ్ళని కాదు. కాపీలోంచి ఫైళ్ళు తియ్యడానికి టెస్ట్‌డిస్క్, అది పట్టుకోలేనివాటికి ఫోటోరెక్ నడపాల్సొచ్చింది. ఫోటోరెక్ తీసినవాటికి అసలు పేర్లుండవు, ఎఫ్ పక్కన అంకెలుంటాయంతే. ఏది ఎవరి పెళ్ళో తెరిచి చూసుకోవడానికి నెల పట్టింది. ఇంతకీ ఆ మూడు ఎంబీ ఏ ఫైళ్ళలో పోయిందో తెలియాలిగా. అక్కడ కూడా మ్యాప్ ఫైలే ఆదుకుంది. ఫిల్ మోడ్ అని ఉంది. రాని సెక్టార్లన్నిటిలో మనం ఇచ్చిన గుర్తుమాట నింపుతుంది. కాపీ మీదే చెయ్యాలి సుమా. ఆ మాట ఉన్న ఫైళ్ళని వెతికిస్తే 41 తేలాయి. చాలావరకు పాటలు, సినిమాలు. కానీ అందులో ఒకటి నేను చేత్తో గీసి కోరల్‌లోకి ఎక్కించుకున్న వినాయకుళ్ళ ఫైల్. కోరల్ దాచుకునే బ్యాకప్ కాపీ పక్కనే ఉండబట్టి దాంట్లోంచి చాలా బొమ్మలు వచ్చాయి. చివరగా గీసిన నాలుగు రాలేదు.

ఇంకో చిరాకు. డిస్క్ మాయమై మళ్ళీ వచ్చినప్పుడు లినక్స్ దానికిచ్చే పేరు మారుతుంది. ఎస్‌డీబీగా ఉన్నది ఎస్‌డీసీ అవుతుంది. పాత కమాండే గుడ్డిగా కొడితే వేరే డిస్క్‌ని చదివి అదే కాపీలో కలిపేస్తుంది. ప్రతిసారీ సీరియల్ నంబర్ చూసుకోవాలి. రాత్రి రెండింటికి నిద్రకళ్ళతో అది అంత తేలిక కాదు.

ఆ తర్వాత తెలిసినవాళ్ళవి మరో నాలుగు డిస్కులు దీంతో తీశాను. మూడు బాగానే వచ్చాయి. నాలుగోది ఎస్‌ఎస్‌డీ, ఉన్నట్టుండి సిస్టమ్‌కి కనపడటమే మానేసింది. కనపడనిదాన్ని ఈ ప్రోగ్రాం మాత్రం ఏం చదువుతుంది? టకటకా కొట్టుకునే డిస్క్ కూడా ఇంట్లో తిప్పేది కాదు, ల్యాబ్‌కే ఇవ్వాలి.

నేను తొమ్మిది రోజులు ఆగగలిగానంటే, ఒక పెళ్ళివారి కార్డు ప్రూఫ్ ప్రింట్ ఉంటే దాన్ని చూసి మళ్ళీ టైప్ చేసి ఇచ్చేశాను కాబట్టి, మిగతావాళ్ళు పాత పరిచయస్తులు కాబట్టి. ఫోన్లో మేనల్లుడు కూడా ఉన్నాడు. రేపటికల్లా జీతాల లెక్క కావాల్సిన ఆఫీసుకి ఇది వాడమని నేను చెప్పను. మీకు వారం టైముండి, నల్ల తెరంటే భయం లేకపోతే చూడండి. ఉబుంటులో వేసుకునేటప్పుడు మాత్రం ప్యాకేజీ పేరు ముందు ఇంకో జీ ఉంటుంది, జీడీడీరెస్క్యూ అని. డీడీకి, రెస్క్యూకి మధ్యలో అండర్‌స్కోర్ ఉన్నది వేరే ప్రోగ్రాం.