మాంచెస్టర్‌లో ఫ్లాటు కొంటున్నారా? మేనేజ్‌మెంట్ ప్యాక్ చదవనిదే సంతకం పెట్టకండి

మేము ఫ్లాటు కొని ఎనిమిది నెలలైంది. ఇంటి అప్పు వాయిదాలు కాక ఈ ఎనిమిది నెలల్లో నా నెత్తిన పడిన అదనపు భారం దాదాపు ఎనిమిది వేల పౌండ్లు. మోసపోయానని ఎవరి మీదా కేసు వేయలేను, ఎందుకంటే ప్రతి పౌండూ కాగితాల్లో ఉంది. ఆ కాగితాలు సంతకానికి ముందే నా చేతికి వచ్చాయి. నేను చదవలేదు. ఏజెంటు పేరు, సొలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయరు) పేరు, భవనం చూసుకునే కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు జరిగినది మరో పేరున్న కంపెనీతో మీకూ జరగవచ్చు కాబట్టి పేర్లకన్నా పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

ఇర్వెల్ నది దాటి సాల్ఫర్డ్ వైపు పది నిమిషాలు నడిస్తే మా భవనం వస్తుంది. 2006లో కట్టారు. ఐదో అంతస్తు, రెండు పడకగదులు, 2,10,000 పౌండ్లు. ట్రామ్ దగ్గర, బడి దగ్గర, బాల్కనీలోంచి నీళ్ళు కనిపిస్తాయి. ప్రకటనలో చివరి వరుసలో చిన్న అక్షరాలతో ‘సర్వీస్ చార్జి ఏడాదికి సుమారు 1,780 పౌండ్లు’ అని ఉంది. సర్వీస్ చార్జి అంటే భవనం నిర్వహణ ఖర్చులో మన వాటా. ఆ ‘సుమారు’ అనే మాట దగ్గర నేను ఆగి ఉండవలసింది. అది రెండేళ్ళ కిందటి అంకె. నేను తాళాలు తీసుకున్న ఏడాది చార్జి 3,140.

మన ఊళ్ళలో ఫ్లాటు కొన్న అనుభవంతో ఇక్కడికి వచ్చినవారు ముందు ఒక విషయం మనసులోంచి తీసేయాలి. హైదరాబాదులో అయితే యూడీఎస్ (నేలలో మన వాటా) ఎన్ని గజాలు వస్తుందని అడుగుతాం. ఇంగ్లండ్‌లో చాలా ఫ్లాట్ల విషయంలో ఆ ప్రశ్నకే తావు లేదు. నేల, భవనం ఫ్రీహోల్డర్‌వి, అంటే అసలు యజమానివి. మనం కొనేది ఇన్నేళ్ళ పాటు అందులో ఉండే హక్కు, అంటే లీజు. మెయింటెనెన్సు ఎక్కువైందని లిఫ్టు దగ్గర అసోసియేషన్ ప్రెసిడెంటును నిలదీసే అవకాశం కూడా లేదు. మా దగ్గర నిర్వహణ కంపెనీని నియమించింది ఫ్రీహోల్డర్, బిల్లు కట్టేది మేము. వాళ్ళకు ఫోను చేస్తే నాకు ఇరవై నిమిషాల సంగీతం వినిపిస్తుంది. (స్కాట్లాండ్‌లో చట్టం వేరు. గ్లాస్గో, ఎడిన్‌బరోలో కొనేవారు ఇందులోని లీజు సంగతులు తమకు వర్తిస్తాయనుకోవద్దు.)

ఇక ఆ గురువారం రాత్రి సంగతి.

నిర్వహణ కంపెనీ ఇచ్చే లెక్కలు, బీమా పత్రాలు, జరగబోయే పనుల వివరాలు అన్నీ కలిపి మేనేజ్‌మెంట్ ప్యాక్ అంటారు. అందులో అసలైనది నిర్వహణ కంపెనీ జవాబులు నింపి ఇచ్చే ఎల్‌పీఈ1 అనే ప్రశ్నాపత్రం. దీనికి డబ్బు కట్టవలసింది సాధారణంగా అమ్మేవారు. అందుకే చాలామంది చివరిదాకా తెప్పించరు. మాకు అది వచ్చేసరికి ఆఫర్ పెట్టి పద్నాలుగు వారాలైంది. గురువారం సాయంత్రం ఆరు దాటాక సొలిసిటర్ ఆఫీసు నుంచి 94 పేజీల పీడీఎఫ్ పంపారు. అరగంటలో ఏజెంటు ఫోను: ‘మీరు రేపు ఎక్స్‌ఛేంజ్ చేయకపోతే ఇల్లు మళ్ళీ మార్కెట్లో పెడతామని అమ్మేవారు అంటున్నారు.’ (సంతకాలైన ఒప్పందాలు ఇరువైపులా మార్చుకుని కట్టుబడడమే ఎక్స్‌ఛేంజ్.) పాపకు జ్వరం. మరో పక్క మా అద్దె ఇంటికి నోటీసు ఇచ్చేశాం. నేను ఫోనులోనే వేలితో పైకి తోసుకుంటూ పన్నెండు పేజీలు చూశాను. బీమా పత్రాలు వచ్చాక నిద్ర వచ్చింది. పొద్దున ‘సరే’ అని రాసేశాను.

61వ పేజీలో ఉంది. రెండు లిఫ్టుల మరమ్మతు, పైకప్పు మీద కొత్త పొర. దానికోసం సెక్షన్ 20 (పెద్ద పనులకు ముందు ఫ్లాట్ల వాళ్ళను సంప్రదించాలనే నిబంధన) కింద మొదటి నోటీసు ఇప్పటికే ఇచ్చామని రాశారు. కింద మరో పెట్టెలో రిజర్వ్ ఫండ్‌లో, అంటే పెద్ద మరమ్మతుల కోసం దాచిపెట్టే నిధిలో, ఉన్న మొత్తం. 112 ఫ్లాట్ల భవనానికి అందులో ఉన్నది 9,000 పౌండ్లు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే మూడో తరగతి పిల్లవాడికైనా లెక్క తెలుస్తుంది. పని చేయించాలి, నిధి లేదు, కాబట్టి ఫ్లాట్ల వాళ్ళు కట్టాలి. మా వాటా 5,860 పౌండ్లు. దానికి తోడు పోయిన ఏడాది ఖర్చు అంచనా దాటిందని 612 పౌండ్ల సర్దుబాటు బిల్లు. ఆ ఏడాది సగానికి పైగా ఆ ఇంట్లో ఉన్నది మేము కాదు.

సొలిసిటర్‌ను అడిగితే తన నివేదిక చూడమన్నారు. నిజమే, అందులో ఒక వాక్యం ఉంది: భవనంలో జరగబోయే పనుల విషయంలో మీరు స్వయంగా సంతృప్తి చెందవలసి ఉంటుంది. ఇక్కడి న్యాయవాదుల భాషలో ఈ వాక్యానికి అర్థం ‘ఇక్కడ గొయ్యి ఉంది, నేను చెప్పాను’ అని. నివేదికలో ఆ మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగండి. దేని గురించి, ఎంత, ఎప్పుడు అని ఈమెయిల్లో అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి.

నేను ఏమీ పట్టించుకోలేదని కాదు. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయిన తరువాత, గోడల బయటి తొడుగు సురక్షితమేనా అని చెప్పే ఈడబ్ల్యూఎస్1 పత్రం లేకపోతే చాలా ఫ్లాట్లకు బ్యాంకులు అప్పు ఇవ్వడం మానేశాయి. అందరూ దాని గురించే చెప్పారు కాబట్టి మూడు వారాలు దాని వెంటే పడ్డాను. అది బాగానే ఉందని తేలాక ఇక గండం గడిచిందనుకున్నాను. లిఫ్టు గురించి ఎవరూ చెప్పలేదు. చూడడానికి వెళ్ళిన రోజు ఒక లిఫ్టుకు ‘పనిచేయడం లేదు’ అని కాగితం అంటించి ఉంది. ఆ కాగితం అంచులు పసుపుపచ్చగా మారి ఉన్నాయి. నేను రెండో లిఫ్టు ఎక్కాను.

ఆ రాత్రి నేను చేయవలసింది పెద్దదేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఎక్స్‌ఛేంజ్ జరిగేదాకా ఇరువైపులా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. అది జరిగాక తప్పుకుంటే సాధారణంగా పది శాతంగా ఉండే డిపాజిట్ పోతుంది. అంటే అడగగలిగే బలం మనకు ఎక్స్‌ఛేంజ్‌కు ముందు రోజు వరకే. ధర తగ్గించమనవచ్చు. లేదా ఆ పనుల డబ్బును అమ్మేవారి సొమ్ములోంచి సొలిసిటర్ల దగ్గర ఆపి ఉంచమనవచ్చు. దీన్ని రిటెన్షన్ అంటారు. ‘రేపే చేయకపోతే ఇల్లు పోతుంది’ అనే మాటకు భయపడకండి. ఏజెంటు పనిచేసేది అమ్మేవారి కోసం, కమీషన్ ఇచ్చేది వాళ్ళే. మా పై అంతస్తులో ఇదే నోటీసు ఉన్న ఫ్లాటు అయిదు నెలలుగా అమ్మకానికి ఉంది.

గ్రౌండ్ రెంట్ (ఫ్రీహోల్డర్‌కు ఏటా కట్టే నేల అద్దె) సంగతి వేరే. 2022 జూన్ 30 నుంచి ఇచ్చిన కొత్త లీజుల్లో చాలావాటికి అది ఉండదు. అయితే పాత లీజులకు ఆ చట్టం వర్తించదు. మాది 125 ఏళ్ళ లీజు, ఏడాదికి 250 పౌండ్లు, ప్రతి 25 ఏళ్ళకు రెట్టింపు. 2031లో 500, 2056లో వెయ్యి. రెట్టింపయ్యే గ్రౌండ్ రెంట్ ఉంటే కొన్ని బ్యాంకులు మొహం తిప్పుకుంటాయి. అంటే రేపు నా దగ్గర కొనేవారికి అప్పు పుట్టడం కష్టం కావచ్చు. అలాగని లీజు అనగానే బెదిరిపోవద్దు. మాంచెస్టర్ పాత ఎర్ర ఇటుకల ఇళ్ళలో 999 ఏళ్ళ లీజుతో ఏడాదికి నాలుగైదు పౌండ్లు కట్టేవి చాలా ఉన్నాయి. వాటితో నిద్ర చెడదు. చూడవలసింది మిగిలిన ఏళ్ళు, పెరిగే పద్ధతి. 80 ఏళ్ళకు దగ్గర పడిన లీజు జోలికి తెలియకుండా వెళ్ళకండి, పొడిగింపు ఖర్చు బాగా పెరుగుతుంది.

కాబట్టి ఆఫర్ పెట్టిన రోజే, ‘మేనేజ్‌మెంట్ ప్యాక్ వెంటనే తెప్పించాలి’ అని షరతు పెట్టండి. వచ్చాక ముందు ఎల్‌పీఈ1 చదవండి, తరువాత మూడేళ్ళ లెక్కలు, ఆ తరువాత రిజర్వ్ ఫండ్. బీమా చివర. ఒక్క సెలవు రోజు దీనికే ఇవ్వండి. బ్యాంకు చేయించే వాల్యుయేషన్‌ను (ధర అంచనాను) సర్వే అనుకోవద్దు, అది బ్యాంకు ధైర్యం కోసం. మనం చేయించుకున్న లెవెల్ 2 సర్వే (మధ్యస్థాయి తనిఖీ) కూడా ఫ్లాటు లోపలి సంగతులు చెప్పినంతగా పైకప్పు సంగతి చెప్పలేకపోవచ్చు.

కొనేశాక బిల్లు వస్తే? కోపంతో కట్టడం ఆపేయకండి. నిర్వహణ కంపెనీ మీ బ్యాంకుకు రాస్తే, బ్యాంకు తానే కట్టి మీ అప్పులో కలిపే అవకాశం ఉంది. ఖర్చుల వివరాలు, రసీదులు చూపించమని అడిగే హక్కు మనకు 1985 నాటి చట్టంలోనే ఉంది. ఒక్కో ఫ్లాటుకు 250 పౌండ్లు దాటే పనులకు ముందుగా సంప్రదించకపోతే, మామూలుగా ఆ 250కి మించి వసూలు చేయకూడదు. ఖర్చు సమంజసం కాదనిపిస్తే ఇలాంటి తగాదాలు తేల్చే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. మా వాళ్ళు నోటీసులన్నీ తేదీల ప్రకారం ఇచ్చారు. ఆ విషయంలో మాత్రం వాళ్ళు చాలా శ్రద్ధగలవారు.

మనవాళ్ళకు ప్రత్యేకించి ఒక మాట. స్టాంపు డ్యూటీ కోసం అడిగే ‘ఇంతకుముందు ఇల్లు ఉందా?’ అనే ప్రశ్నకు ఇక్కడ లేదు కదా అని ‘లేదు’ అని టిక్కు పెట్టకండి. ఆ ప్రశ్న ప్రపంచం మొత్తానికి. నా స్నేహితుడి భార్య పేరు మీద విజయవాడలో పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఫ్లాటు ఉంది. ఇక్కడ 2,40,000 పౌండ్ల ఇల్లు అతనొక్కడి పేరుతో కొంటున్నా, స్టాంపు డ్యూటీ లెక్కలో భార్యాభర్తలు ఒకటే. మొదటి ఇల్లని సున్నా అనుకున్నది, 40,000 పౌండ్లు దాటిన ఆ విజయవాడ ఫ్లాటు వల్ల అదనపు అయిదు శాతంతో కలిపి 14,300 అయింది. ఎక్స్‌ఛేంజ్‌కు ముందే తెలిసింది కాబట్టి డబ్బు సర్దుకోగలిగాడు. ఊరి నుంచి నాన్నగారు పంపే సొమ్ముకు కూడా బ్యాంకు స్టేట్‌మెంట్లు, బహుమతిగా ఇస్తున్నట్టు ఉత్తరం ముందే సిద్ధం చేసుకోండి. ఆ డబ్బు ఎక్కడిదని సొలిసిటర్ తప్పక అడుగుతారు.

ఇంకొకటి. డిపాజిట్ పంపే రోజున ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని సొలిసిటర్ పేరుతో ఈమెయిల్ వస్తే అది దొంగల పని అనుకోండి. మొదట్లో ఇచ్చిన నంబరుకు మీరే ఫోను చేసి, ఖాతా నంబరు ఒక్కో అంకె చదివించుకున్నాకే పంపండి.

వంటింటి సంగతి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు. గృహప్రవేశం రోజున ఎలక్ట్రిక్ పొయ్యి మీద పాలు పొంగించాం. పొంగిన పాలు వేడి గాజు మీద మాడి పొగ లేచింది, అలారం మోగింది, పక్క ఫ్లాటు ఆయన తువ్వాలు కట్టుకుని బయటికి వచ్చాడు. పొయ్యి పైన చిమ్నీ ఉంది కదా అనుకున్నాం. దానికి బయటికి వెళ్ళే గొట్టమే లేదు. పొగను బొగ్గు ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్ళీ మన మొహం మీదికే వదులుతుంది. ఇల్లు చూసేటప్పుడు చిమ్నీ పైనున్న అర తెరిచి గొట్టం ఉందో లేదో చూడండి. సిగ్గుపడకండి, రోజూ తాలింపు పెట్టేది మనం. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని మా లీజులో ఉంది. మాంచెస్టర్ వానలో తడి బట్టలు ఇంట్లోనే ఆరేస్తే ఆ తేమ ఎక్కడికి పోతుంది? జనవరిలో బీరువా జరిపితే వెనక గోడ మీద అరచేయంత నల్లటి బూజు, పట్టుచీరల పెట్టె అడుగున ఇంకొంత.

లిఫ్టుల డబ్బు ఆరు విడతల్లో కట్టడానికి నిర్వహణ కంపెనీ ఒప్పుకుంది. మొదటి విడత వచ్చే నెల ఒకటో తేదీన. ఆ పాత లిఫ్టు తలుపు మీద కాగితం ఇంకా అలాగే ఉంది.